నిలిపి ఉంచిన కారు

ఈ శీర్షిక కింద మేము ఇదివరకు వంటింటి సంగతులు, ఇంటి పత్రాల సంగతులు, పెద్దల ఆరోగ్యం సంగతులు వ్రాస్తూ వచ్చాము. ఈ నెల కారును గురించి వ్రాయబోతున్నాము. మేము యంత్రవిద్య నేర్చినవాళ్ళం కాము. బానెట్ ఎత్తి చూస్తే ఏ డబ్బా దేనికో చాలాకాలం మాకూ తెలియలేదు. అట్లాంటి మేము ఈ సాహసానికి పూనుకున్నామంటే, ఒక రాత్రి జరిగిన సంగతే దానికి కారణం.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మేమున్న భవనంలోనే రెండో అంతస్తులో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉంటున్నారు. మదనపల్లెలో కాలేజీ ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నవారు. మేము ఆయనను బాబాయిగారనీ, ఆమెను పిన్నిగారనీ పిలుస్తాము. కొడుకు అమెరికా పోతూ తన కారును తండ్రికి అప్పగించి, "అవసరానికి ఉంటుంది నాన్నా, అమ్మవద్దు" అని చెప్పి పోయాడు. ఆయన దానిని అపురూపంగా చూచుకున్నారు. మంచి గుడ్డ కుట్టించి కప్పారు. వారం వారం దుమ్ము తుడిపించారు. ఆయుధపూజనాడు పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి రెండడుగులు ముందుకు జరిపించారు. ఆ ఏడు ఆ కారు చేసిన ప్రయాణమల్లా ఆ రెండడుగులే.

డిసెంబరులో ఒకనాటి రాత్రి రెండు గంటలవేళ పిన్నిగారికి గుండెలో నొప్పి వచ్చి ఒళ్ళంతా చెమట పట్టింది. కంగారులో బాబాయిగారికి ఆంబులెన్సుకు ఫోను చేయాలని తోచలేదు. ఫోనులో పిలిచిన ట్యాక్సీ వస్తున్నానని చెప్పి రాలేదు. ఆమెను నెమ్మదిగా కిందికి దించి, గుడ్డ తీసి, కారులో కూర్చోబెట్టి తాళంచెవి తిప్పితే, టక్ టక్‌మని నాలుగు చప్పుళ్ళు. అంతే. ముందు దీపాలు మిణుకు మిణుకుమని ఆరిపోయాయి.

ఆయన వచ్చి మా తలుపు కొట్టారు. "నాయనా, బండి పలకడం లేదు" అన్నారు. ఆ గొంతు మాకిప్పటికీ చెవుల్లోనే ఉన్నది. మా కారులో తీసుకుపోయాము. ఆసుపత్రి నాలుగు కిలోమీటర్లే గనుక, ఆ వేళ దారి ఖాళీగా ఉన్నది గనుక, సమయానికి చేరాము. రక్తనాళంలోని అడ్డు తొలగించారు. పిన్నిగారు ఇప్పుడు కులాసాగా ఉన్నారు. అట్లాంటి నొప్పి వచ్చినప్పుడు మొట్టమొదట 108కి ఫోను చేయాలని మేమందరమూ ఆ రాత్రే నేర్చుకున్నాము.

మర్నాడు మెకానిక్ అబ్బాయి వచ్చాడు. హిందూపురం పిల్లవాడు. బానెట్ ఎత్తి, బ్యాటరీకి మీటరు పెట్టి చూచి, "సార్, బండికి జబ్బేమీ లేదు. నడపకపోవడమే జబ్బు" అన్నాడు.

ఇది విని మేము నవ్వలేదు. నవ్వే అర్హత మాకున్నదా? మా బండి ఆ రాత్రి పలికింది అదృష్టంవల్ల. అంతకు రెండు రోజుల కిందటే పెళ్ళికని కోలారు దాకా పోయివచ్చాము. లేకపోతే మాదీ నెలకొకసారి కదిలే బండే. లేఅవుట్‌లో ఈ వీధీ ఆ వీధీ తిరిగి చూడండి. ఏడు సెక్టార్లలోనూ ఇదే వరస. ఇంటికి రెండేసి కార్లు, ఒకటి లోపల, ఒకటి వీధిలో చెట్టు కింద. పిల్లలు ఇంటినుంచే ఉద్యోగం చేస్తారు. బజారుకు స్కూటరు చాలు. సిల్కుబోర్డు కూడలి దాటడం కంటే ఇంట్లో కూర్చోవడం మేలని అందరూ ఎప్పుడో తీర్మానించుకున్నారు. 2025 ఆగస్టులో ఆ కూడలి మీదుగా మెట్రో పసుపు లైను మొదలైన తరువాత మరికొందరు కార్లు కదల్చడం మానేశారు. మంచిదే. కాని కదలని కారును కనిపెట్టుకుని ఉండే విద్య ఒకటి వేరే ఉన్నది. అది మనలో ఎవరికీ నేర్పినవారు లేరు.

మా నాన్నగారి తరానికి ఇది వచ్చును. అంబాసిడర్ కారు 1957లో మొదలై 2014 దాకా తయారైంది. పాత అంబాసిడర్‌కు ముందునుంచి ఇనపకడ్డీ దూర్చి చేత్తో తిప్పే ఏర్పాటు ఉండేది. బ్యాటరీ చచ్చినా బలమున్న మనిషి ఉంటే బండి పలికేది. ప్లగ్గులు ఊడదీసి గీకడం, ఫ్యాను బెల్టు బిగించడం ఇంటి యజమానికి అలవాటుగా ఉండేవి. ఇప్పటి బండ్లు అంతకంటె ఎంతో మేలైనవి, మాటిమాటికీ చెడవు. అందువల్లనే మనకు బానెట్ ఎత్తే అలవాటు పోయింది. ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి కనబడి, "నీకేమీ తెలియదు, దించు" అన్నట్లుంటుంది. దానికి భయపడవద్దని మనవి. ఇంటివాళ్ళు చూడవలసినవన్నీ ఆ మూత చుట్టూనే ఉంటాయి.

ముందు బ్యాటరీ సంగతి. కారు నిలిచి ఉన్నా లోపల గడియారం, తాళం, దొంగల గంట నిద్రపోవు. చుక్క చుక్కగా బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. కొత్త బ్యాటరీ అయితే నెలకు పైగా ఓర్చుకుంటుంది, మూడు నాలుగేళ్ళదైతే రెండు మూడు వారాలకే నీరసపడుతుంది. పూర్తిగా నిండిన బ్యాటరీ, బండి ఆపిన కొన్ని గంటల తరువాత చూస్తే, 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తుంది. 12.2కు దిగితే సగమే ఉన్నదని అర్థం. 12కు దిగితే ఇంక దానిని నమ్మరాదు. ఇది చూచే చిన్న మీటరు విద్యుత్ సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. పిల్లవాడికి జ్వరం చూచే గొట్టం ఇంట్లో పెట్టుకుంటాము గదా, ఇదీ అట్లాంటిదే.

చాలామంది చేసే పొరపాటు ఒకటున్నది. ఆదివారం ఉదయం కిందికి దిగి, బండి స్టార్టు చేసి, ఉన్నచోటనే ఐదు నిమిషాలుంచి, ఆపి, పని అయిపోయిందని పైకి వస్తారు. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ ఒక్కసారిగా చాలా ఖర్చు పెడుతుంది. నిలబడి ఐదు నిమిషాలు తిరిగిన ఇంజను ఆ ఖర్చు తిరిగి పూడ్చలేదు. పైగా ఇంజను సరిగా వేడెక్కక లోపలి తేమ చమురులోనే ఉండిపోతుంది. కాబట్టి వారానికి ఒక్కసారైనా ఇరవై నిమిషాలో అరగంటో రోడ్డు మీద నడపాలి. అగర చెరువు పక్కనుంచి పోయి రింగురోడ్డు ఎక్కి రండి. ఆదివారం ఏడు గంటలకు ఆ దారి మనదే. చక్రాలు తిరుగుతాయి, బ్రేకుల మీది తుప్పు పోతుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుని చదునుపడవు.

ఊరికి పోయి నెలా రెండు నెలలు రాని పక్షంలో బ్యాటరీ నల్ల తీగ, అంటే తీసివేత గుర్తు ఉన్నదానిని, పదో నంబరు పానాతో వదులుచేసి విప్పి పెట్టవచ్చు. విప్పేటప్పుడు నల్లది ముందు, బిగించేటప్పుడు నల్లది చివర. ఈ క్రమం తప్పితే నిప్పురవ్వలు లేస్తాయి. కొన్ని కొత్త బండ్లలో బ్యాటరీ విప్పితే రేడియో, అద్దాలు మళ్ళీ సర్దుకోవలసి వస్తుంది కనుక బండితో ఇచ్చిన పుస్తకం ముందు చూడండి. కొసల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకొని ఉంటే, తీగలు విప్పి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత పళ్ళబ్రష్షుతో తోమి, ఆరబెట్టి, కాస్త వాజలీను పూస్తే సరి. ఆ పొడిని చేత్తో ముట్టవద్దు, కంటికి తగలనివ్వవద్దు.

బ్యాటరీ చచ్చినప్పుడు పక్కవాడి బండినుంచి తీగలు కలిపి లేపడం అందరూ చూచే ఉంటారు. దానికీ ఒక వరస ఉన్నది. ఎర్ర తీగ ముందు చచ్చిన బ్యాటరీ కూడిక గుర్తుకు, తరువాత బతికిన బ్యాటరీ కూడిక గుర్తుకు. నల్ల తీగ బతికిన బ్యాటరీ తీసివేత గుర్తుకు, దాని రెండో కొస చచ్చిన బండి ఇంజనుమీద రంగు లేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. అప్పుడు మంచి బండిని కాసేపు నడవనిచ్చి, రెండోదానికి సెల్ఫ్ కొట్టాలి. లేచిన తరువాత వచ్చిన వరసకు ఎదురువరసలో విప్పాలి. ఇది కాగితం మీద వ్రాసి ఆ తీగలతోనే చుట్టి డిక్కీలో పెట్టాము. నడిరాత్రి జ్ఞాపకశక్తిని నమ్ముకోవడం మాకిష్టం లేదు. విద్యుత్ కార్లు కొన్నవారు మాకీ బెడద లేదనుకోవద్దు. వాటిలోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది చచ్చిందంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా తలుపైనా సరిగా తెరుచుకోదు. కాకపోతే వాటి తీగలు కలిపే పద్ధతి వేరు. పుస్తకంలో చెప్పినట్లే చేయాలి.

ఇక ఆదివారం పది నిమిషాల పని. బండి సమంగా ఉన్న నేలమీద, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తండి. పసుపుపచ్చదో నారింజ రంగుదో ఉంగరంవంటి పిడి కనబడుతుంది. అది ఆయిలు పుల్ల. బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి, మళ్ళీ తీసి చూడాలి. రెండు గీతల నడుమ తడి ఉంటే చాలు. కింది గీతకు దిగితే పుస్తకంలో చెప్పిన రకం ఆయిలే కొంచెం కొంచెంగా పోయాలి. పైగీత దాటించడం కూడా తప్పే. ఎక్కువైతే మంచిదే కదా అనుకోవడానికి అది పప్పులో నెయ్యి కాదు. రంగు నల్లబడితే బెంగపడవద్దు. డీజిలు బండిలో పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. కాని పుల్ల మీద పాలు కలిపిన కాఫీ రంగు కనబడిందా, బండి కదల్చవద్దు. నీళ్ళు చమురులో కలిశాయన్నమాట. మెకానిక్‌ను పిలవండి. మరొక సంగతి. ఆయిలు మార్చడం పదివేల కిలోమీటర్లకో సంవత్సరానికో ఏది ముందైతే దానికని సాధారణంగా వ్రాసి ఉంటుంది. "మేము పదివేలు తిరగలేదు గదా" అని బాబాయిగారు మూడేళ్ళు ఊరుకున్నారు. తిరగని బండికి సంవత్సరమే లెక్క.

ఆ పక్కనే తెల్లటి పారదర్శకమైన డబ్బాలో ఆకుపచ్చగానో గులాబీరంగుగానో నీరు కనబడుతుంది. అది కూలెంటు. ఇంజను వేడిని రేడియేటరుకు చేరవేసేది అదే. ఇక్కడ మన లేఅవుట్ వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటున్నది. మట్టం తగ్గితే చాలామంది సీసాతో కుళాయి నీళ్ళు పట్టి పోసేస్తారు. మనకు వచ్చేది బోరు నీరో ట్యాంకరు నీరో. ఆ నీళ్ళు కాచిన గిన్నె అడుగున నెలలో ఎంత సున్నం పేరుకుంటుందో మీ వంటింట్లో చూస్తూనే ఉన్నారు. గీజరు విప్పినవాడు చూపించిన రాళ్ళు జ్ఞాపకం తెచ్చుకోండి. ఆ సున్నమే రేడియేటరు సన్నగొట్టాలలో పడితే నీరు పారదు, ఇంజను ఉడుకుతుంది. కాబట్టి బండివారు చెప్పిన కూలెంటే పోయాలి. దానిని పలుచన చేయవలసి వస్తే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు వాడాలి. దారిలో ప్రాణం మీదికి వస్తే మామూలు నీళ్ళు పోసుకోవచ్చు, కాని ఇల్లు చేరగానే కడిగించి మార్చాలి.

బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్నది. ఇక్కడ నీరు 97 డిగ్రీల దరిదాపుల్లోనే మరుగుతుంది. పప్పు ఉడకడానికి ఇక్కడ కుక్కరు ఎంత అవసరమో కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళనడగండి. రేడియేటరు మూత కూడా కుక్కరు మూతవంటిదే. లోపల ఒత్తిడి నిలిపి, నూరు డిగ్రీలు దాటినా నీరు మరగకుండా చూస్తుంది. వేడిమీద ఉన్న కుక్కరు మూత తీస్తే ఏమవుతుందో అదే, ఇంకా ఘోరంగా, రేడియేటరు మూత తీస్తే అవుతుంది. ముఖం కాలినవారిని మేమెరుగుదుము. అరగంట చల్లారనిచ్చి, దళసరి గుడ్డ వేసి, ముఖం పక్కకు పెట్టుకుని తిప్పాలి. తొందర ఉన్నదని మాత్రం తీయవద్దు.

బ్రేకాయిలు డబ్బా చిన్నది. మట్టం కింది గీతకు దిగితే, పోసి ఊరుకోవద్దు. బ్రేకు దిమ్మలు అరిగినా మట్టం దిగుతుంది, ఎక్కడో కారుతున్నా దిగుతుంది. రెండో సంగతి అయితే ప్రాణంతో చెలగాటం. ఈ ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది గనుక బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకొకసారి మార్పించాలి. తొక్కుడుపలక స్పాంజివలె మెత్తగా దిగుతున్నా, కీచుమని చప్పుడు వస్తున్నా ఆ వారమే చూపించండి. బండి చాలా రోజులు నిలిపేటప్పుడు హ్యాండుబ్రేకు లాగి ఉంచితే అది పట్టుకుపోవచ్చు. సమమైన నేలమీద గేరులో పెట్టి, చక్రాలకు ముందొక ఇటుక, వెనకొక ఇటుక పెట్టడం మేలు.

టైరు గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద అంటించిన కాగితంలో వ్రాసి ఉంటుంది. బంకులో కుర్రవాడు తన అలవాటు చొప్పున కొట్టేస్తాడు, మన బండి సంఖ్య మనమే చెప్పాలి. చల్లగా ఉన్నప్పుడు చూడాలి. స్టెప్నీని మరవవద్దు, అది అవసరపడిన రోజున అందులో గాలి లేకపోవడం మన ఇళ్ళలో ఆచారంగా వస్తున్నది. టైరు పక్కగోడ మీద చిన్న చట్రంలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. తిరగని బండికి గాళ్ళు అరగవు. అరగలేదు గదా అని సంతోషిస్తాము. కాని రబ్బరుకు వయస్సు పైబడుతుంది, సన్నని పగుళ్ళు వస్తాయి. ఐదేళ్ళు దాటినవాటిని ఏటేటా చూపించుకోవాలి. గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే ఇంక వాడరాదు. గాడి అడుగున అడ్డంగా చిన్న గట్టు ఉంటుంది, రబ్బరు ఆ గట్టు మట్టానికి అరిగిందంటే కాలం తీరినట్లే.

ఎలుకల సంగతి వ్రాయకపోతే మా వీధివాళ్ళు మమ్మల్ని క్షమించరు. చలికాలం రాత్రి వెచ్చటి ఇంజను ఎలుకకు సత్రం. తీగలు కొరుకుతుంది, కొబ్బరిపీచు తెచ్చి గూడు పెడుతుంది. మా పక్కింటి బండిలో సగం తిన్న ఇడ్లీ దొరికింది. పొగాకు కాడలు కట్టమని ఒకరు, కలరా ఉండలు వేయమని ఒకరు చెప్పారు. మేము పొగాకు కట్టి చూచాము. ఎలుకలు దానికి అలవాటు పడ్డాయని మా అనుమానం. పనిచేసేవి రెండే: బండిలో తినుబండారాలు వదలకపోవడం, వారానికొకసారి బానెట్ ఎత్తి వెలుగు పడనివ్వడం. అట్లాగే చెట్టు కింద నిలిపే బండికి ముందు అద్దం అడుగున ఆకులు, పూలు పేరుకుంటాయి. జనవరి మొదలు మార్చి దాకా వీధులు గులాబీరంగు పూలతో కళకళలాడుతుంటే కళ్ళకు పండుగే. ఆ పూలే కుళ్ళి నీరు పోయే దారి మూసేస్తే మొదటి వానకు నీళ్ళు బండి లోపలికి దిగుతాయి. చేత్తో ఏరిపారేస్తే సరిపోతుంది.

బండి నిలిపిన చోట నేలమీద మరకలు కూడా చూస్తూ ఉండాలి. ఏసీ వేసుకున్న తరువాత కారే స్వచ్ఛమైన నీరు సహజం. నల్లటి జిడ్డు అయితే ఇంజనాయిలు. ఆకుపచ్చ, గులాబీ రంగు నీరు అయితే కూలెంటు. బండిలో బెల్లం పాకంవంటి తియ్యటి వాసన వచ్చినా అదే. అనుమానంగా ఉంటే రాత్రి కింద ఒక అట్టముక్క పరిచి, ఉదయం దానిని మెకానిక్‌కు చూపించండి. వైద్యుడి దగ్గరకు పోతూ సీసాలో పట్టుకుపోయినట్లే.

ముందు పలకమీది దీపాల భాష సులువు. ఎరుపు వెలిగితే ఆగు, పసుపు వెలిగితే త్వరలో చూపించు, ఆకుపచ్చ, నీలం ఊరికే సమాచారం. ఎరుపులో మూడింటిని మాత్రం ఇంట్లో అందరూ, డ్రైవింగు రానివారు కూడా గుర్తుపట్టాలి. అల్లావుద్దీన్ దీపంవంటిది కనబడితే ఇంజనులో చమురు ఒత్తిడి లేదు, బండి పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపాలి. పక్క ఊరి దాకా పోదామనుకుంటే ఇంజనుకే ఎసరు. అలల మీద నిలిచిన థర్మామీటరు ఎర్రబడితే ఇంజను ఉడుకుతున్నది. పెట్టెవంటి బ్యాటరీ బొమ్మ దారిలో వెలిగితే బ్యాటరీ నిండడం లేదు, ఏసీ, రేడియో కట్టేసి దగ్గరలోని షెడ్డుకు చేరాలి. స్టీరింగు బిగుసుకుపోయినా, వేడి ముల్లు లేస్తున్నా బెల్టు తెగి ఉండవచ్చును గనుక అక్కడే ఆపాలి.

మన వాళ్ళ దూరప్రయాణమంటే ముప్పాతిక వంతు తిరుపతే. ఆరు నెలలు నిలిచిన బండిని తెల్లవారుజామున లేపి, ఐదుగురెక్కి, సామాను నింపి, కోలారు, ముళబాగిలు దాటి, పలమనేరు అవతల మొగిలి ఘాటు దిగుతాము. ఆరు నెలలు కదలని బ్రేకులకు అది పరీక్ష పెట్టవలసిన చోటు కాదు. ప్రయాణానికి వారం ముందే బండిని రెండుసార్లు నడిపి, గాలి, ఆయిలు, కూలెంటు, బ్రేకు చూపించుకోండి. ఘాటు దిగేటప్పుడు కాలు బ్రేకు మీదనే ఉంచి దిగితే అవి వేడెక్కి పట్టు వదులుతాయి. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో దిగేటప్పుడూ ఆ గేరే వేసుకోవాలి. ఎండాకాలం తిరుగు ప్రయాణంలో అదే ఘాటు ఎక్కుతుంటే ముల్లు పైకి పోతున్నదనుకోండి, ఏసీ ఆపి, అద్దాలు దించి, వేడిగాలి వేసుకోండి. ఎండలో వేడిగాలి ఏమిటని పిల్లలు గోల చేస్తారు. ఇంజను వేడి కొంత ఆ దారిన బయటికి పోతుంది. అప్పటికీ దిగకపోతే చెట్టు నీడన ఆపడమే.

వానల సంగతి మన లేఅవుట్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. 2022 సెప్టెంబరు మొదటి వారంలో బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు, రింగురోడ్డు, మన లేఅవుట్‌లో పల్లపు వీధులు నీళ్ళలో నిలిచినప్పుడు సెల్లారుల్లో కార్లు పడవలవలె తేలాయి. ఆ వారం మాకు తెలిసిన ఒక కుర్రవాడు మోకాలి లోతు నీటిలో బండి ఆగిపోతే, ఏమీ తోచక సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టాడు. ఇంజను గాలిని పీల్చి, ఆ గాలిని నొక్కి పనిచేస్తుంది. నీరు పీలిస్తే, నీరు నొక్కుడు పడదు గనుక, లోపలి ఇనప కడ్డీలే వంగిపోతాయి. ఆగినప్పుడే ఊరుకుని ఉంటే ఎండబెట్టి, ఆయిలు మార్చి సరిచేసేవారు. కొట్టిన సెల్ఫుకు ఇంజను మొత్తం పోయింది. బీమా కంపెనీవారు మామూలు పాలసీలో అది రాదన్నారు. ఇంజను రక్షణ అని విడిగా ఒక అదనపు భాగం ఉంటుంది, దానికి వేరే కట్టాలి. పాలసీ తిరగవ్రాయించేటప్పుడు ఆ మాట ఉన్నదో లేదో వెదకి చూడండి. నీరు సగం చక్రం దాటితే ఆ దారి మానుకోవాలి. నీళ్ళలో మునిగిన బండిని తాళంచెవి ముట్టకుండా లారీ మీదనే షెడ్డుకు చేర్చాలి.

షెడ్డు అన్నాము గనుక ఒక మాట. ఒకసారి ఒక పెద్ద వర్క్‌షాపులో మా బండికి ఏడు పనులు వ్రాసి ఇచ్చారు. అప్పటికి మాకు పుస్తకం పెట్టుకునే అలవాటు వచ్చింది. తీసి చూస్తే అందులో మూడు పనులు ఐదు నెలల కిందట అక్కడే చేయించినవి! చూపించగానే కొట్టివేశారు. మోసమని మేమనము, వాళ్ళకూ రోజుకు వంద బండ్లు. కాని పుస్తకం లేకపోతే ఆ డబ్బు పోయేదే. అప్పటినుంచి మా పద్ధతి ఇది: పని మొదలుపెట్టకముందే అంచనా కాగితం మీద తీసుకోవడం, మార్చిన పాత సామాను అడిగి తెచ్చుకోవడం, జబ్బు చెప్పకుండా లక్షణం చెప్పడం. "క్లచ్చి పోయిందండీ" అంటే క్లచ్చి మారుస్తారు. "రెండో గేరులో హంపు ఎక్కేటప్పుడు కాలిన కాగితం వాసన వస్తున్నది" అంటే వెదుకుతారు. వారంటీ తీరిన బండి విడిభాగాల ధర జేసీ రోడ్డులో ఒకసారి విచారించుకుంటే బేరం చేసే ధైర్యం వస్తుంది.

పుస్తకం అంటే రెండు రూళ్ళ నోటుబుక్కే. తేదీ, కిలోమీటర్లు, ఏమి చేశాము, ఎంతయింది. బ్యాటరీ కొన్న తేదీ, టైర్ల నాలుగంకెలు, బీమా తీరే రోజు మొదటి పేజీలో. పెట్రోలు పోయించినప్పుడల్లా లీటర్లు కూడా వ్రాస్తే మైలేజీ పడిపోవడం మనకే ముందు తెలుస్తుంది. 2025 నాటికి బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలిసి వస్తున్నది. అది తేమను పీలుస్తుంది గనుక నెలలతరబడి నిలిపే బండిలో ట్యాంకు అడుగంటించి ఉంచవద్దు. పాత బండి ఉన్నవారు రబ్బరు గొట్టాలు పగిలాయేమో సర్వీసులో అడిగి చూపించుకోవాలి.

బాబాయిగారు మా పుస్తకం చూచి తానూ ఒకటి పెట్టారు. కాలేజీలో హాజరుపట్టీ వ్రాసినంత శ్రద్ధగా ఎర్రసిరాతో గీతలు గీశారు. డ్రైవింగు ఆయనకు భయమే గనుక మొదట మెకానిక్ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇప్పుడు ఆదివారం ఆరున్నరకు దంపతులిద్దరే బయలుదేరుతున్నారు. అగర చెరువు దాకా పోయి, అక్కడ పిన్నిగారు డాక్టరు చెప్పిన నడక నడుస్తారు, ఈయన టైర్లు చూచుకుంటారు. వచ్చేటప్పుడు 27వ మెయిన్‌లో కాఫీ. దారిపొడుగునా ముల్లు ఎక్కడున్నదో చూడడం పిన్నిగారి పని. మొన్న మెట్లమీద కనబడి, "ఏమో నాయనా, ఈయన నా బీపీ కంటే దాని గాలే ఎక్కువ సార్లు చూస్తున్నారు" అన్నారు.

ఆయుధపూజనాటి నిమ్మకాయలు ఈసారి మామూలుగానే పెట్టారు. వాటి మీదుగా పోనిచ్చి, అట్లాగే చిక్కబళ్ళాపురం దాకా పోయివచ్చారు. పుస్తకంలో ఆ కిలోమీటర్లు కూడా వ్రాసి ఉన్నాయి.